సన్నీ వైపు తిరిగిన ముల్లు

రేవుపాలెం,
మంగళవారం.

మావయ్యకి,

సీతాలు నమస్కారాలు. ఈ ఉత్తరం తవిటమ్మ పిన్ని చేపల బుట్టలో మీ ఉక్కునగరం సెక్టారుకి వస్తుంది. నీచు వాసన వేస్తే ముక్కు మూసుకోకు, నువ్వూ ఆ వాసనలోనే పుట్టావు. ఫోన్ చేద్దామంటే నేను గొంతు చించుకోవాలి, నువ్వు "ఆఁ? ఏటీ?" అంటూ ఉండాలి, మన ఇంటి సంగతులు పేటంతా వినాలి. స్టీల్ ప్లాంటు మోత నీ చెవులు తినేసింది కాబట్టి మనకి కాగితమే గతి. మెసేజ్ పెట్టే ఫోను ఇంట్లో ఒక్కటే ఉంది, అది మా ఆయన మోహన్‌తో పాటు సముద్రంలో తిరుగుతుంది.

ఇప్పుడు నీ మనవరాలి గొడవ. ధనశ్రీ ఏడో తరగతికి వచ్చింది కదా. ఎగ్జిబిషన్‌లో ఒక గాజు కొనిపించుకుంది. దారం లేదు, తీగ లేదు, మిరియపు గింజంత వెండి రంగు గోలీలు ఒకదాన్నొకటి పట్టుకుని గాజులా నిలబడతాయి. అయస్కాంతమట. "ఎందుకు పట్టుకుంటాయి?" అని బళ్ళో అడిగితే "వ్యతిరేక ధ్రువాలు ఆకర్షించుకుంటాయి" అన్నారట. "ఎందుకు ఆకర్షించుకుంటాయి?" అంటే "కూర్చో" అన్నారట. కూర్చునే రకమా అది? నా కొంగు పట్టుకుని తిరుగుతోంది. నువ్వు ప్లాంటులో పెద్ద అయస్కాంతం క్రేను నడుపుతావు కాబట్టి నీకు తెలిసే ఉంటుందని దాని నమ్మకం.

మా చిన్నోడు సన్నీకి రెండేళ్ళు నిండాయి. వాడు పుట్టిన రోజే వాళ్ళ తాత చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదని నీకు తెలుసు. మా అత్త నూకాలు ఇంకా ఆ లెక్క మరిచిపోలేదు. "ఈ గుంటడి మొకం పొద్దున్నే నా కంట పడనీకు" అంటుంది. మోహన్ నోరు విప్పి అనడు గాని, బోటు ఎక్కే రోజు వాడు నిద్ర లేవకముందే ఇల్లు దాటేస్తాడు. వాడి మొలతాడుకి అత్త ఒక పాత ఇనప తాళంచెవి కట్టింది. అందరూ పిల్లలకి గాలీ ధూళీ సోకకుండా ఇనుము కడతారు, ఈవిడ వాడి గాలి మాకు సోకకుండా కట్టింది. నాకు ఒళ్ళు మండుతుంది, కానీ ఏం చేస్తాను? అక్క దగ్గర ఆ గాజు లాక్కుని ఆడుకుంటున్నంతసేపే వాడు నవ్వుతాడు.

నీ సీతాలు

---

ఉక్కునగరం,
శుక్రవారం.

చిరంజీవి సీతాలుకి,

మావయ్య దీవెనలు. కోనెం చేప ముక్కలు బాగున్నాయి. నీ ఉత్తరానికి పులుసు మరక అయింది, అయినా చదివాను.

ధనశ్రీ అడిగింది చిన్న ప్రశ్న కాదు. నాకు తెలిసింది సగం, మా సెక్షన్ ఇంజనీరు గారు టీ తాగుతూ బొమ్మ గీసి చెప్పింది సగం. దానికి చదివి వినిపించు.

అమ్మలూ, ఇనుములో ప్రతి అణువూ ఒక బుల్లి అయస్కాంతం. అణువులో ఉండే ఎలక్ట్రాన్లకి ఆ గుణం పుట్టుకతోనే ఉంది. మామూలు ఇనుములో అవి గుంపులు కట్టి ఉంటాయి. ఒక గుంపు ఇటు చూస్తే ఇంకో గుంపు అటు చూస్తుంది, ఒకరి బలం ఇంకొకరితో చెల్లిపోతుంది. అందుకే మేకుకి మేకు అంటుకోదు. నేను క్రేనుకి కరెంటు ఇవ్వగానే గుంపులన్నీ ఒకే వైపు తిరుగుతాయి, టన్నుల తుక్కు పైకి లేస్తుంది. కరెంటు ఆపితే రాలిపోతుంది. నీ గోలీల్లో మాత్రం తయారుచేసినప్పుడే గుంపుల్ని ఒకే వైపు తిప్పి బిగించేశారు. ఇక అవి ఆ వైపు వదలవు.

అయస్కాంతం చుట్టూ కంటికి కనపడని క్షేత్రం ఒకటి ఉంటుంది. రెండో అయస్కాంతం అందులోకి వస్తే, ముందు దాన్ని తనకి అనువుగా తిప్పుకుంటుంది, తర్వాత లాక్కుంటుంది. రెండూ కలిస్తే ఆ క్షేత్రంలో శక్తి తగ్గుతుంది. నీళ్ళు పల్లానికి పోయినట్టు అవి ఒకదాని వైపు ఒకటి పోతాయి. ఇది ఎలా జరుగుతుందో చెప్పగలరు గాని, ఎలక్ట్రానుకి ఆ గుణం అసలు ఎందుకుండాలి అంటే ఇంజనీరు గారు కూడా గ్లాసు కింద పెట్టేశారు.

బొటనవేలు పక్కనున్న పల్చటి చర్మానికి ఇటొక గోలీ, అటొక గోలీ పెట్టి చూడు. నిలబడతాయి. మధ్యలో మాంసం ఉందని వాటికి తెలీదు, తెలిసినా అక్కర్లేదు.

ఒక్కోసారి నాకే భయమేస్తుంది సీతాలూ. అయస్కాంతాన్ని తుక్కు మీదకి దించుతుంటే, ఇంకా తగలకముందే, కింద మేకులూ రేకులూ లేచి నిలబడతాయి. ఇన్నేళ్ళయినా ఆ క్షణంలో ఎవరో వచ్చారనిపిస్తుంది. ఇది సైన్సులో రాయకని దానికి చెప్పు.

సన్నీకి ముద్దులు. మీ అత్తని నేనే వచ్చి కడిగేస్తాను ఒకరోజు.

మావయ్య, సూరన్న

---

రేవుపాలెం,
మంగళవారం.

మావయ్యా,

ఒక మాట అడుగుతాను, నవ్వకు. మనిషి ఒంట్లో అయస్కాంతం పుడుతుందా? రక్తంలో ఇనుము ఉంటుందని నేనూ ఇంటర్‌లో చదివాను. నువ్వు ఇన్నేళ్ళు ఆ క్రేను కింద ఉన్నావు, నీదీ మా అమ్మదీ ఒకే రక్తం, అమ్మది నాలో ఉంది. అలా దిగి వస్తుందా?

ఎందుకడుగుతున్నానో ఇప్పుడు రాయను. చెబితే చెదిరిపోతుందేమోనని భయం. మా అత్త నిన్న పొద్దున్నే సన్నీని ఎత్తుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. నేను పొయ్యి దగ్గర నిలబడి చూశాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. కూర మాడిపోయింది.

ధనశ్రీకి నీ ఉత్తరం కంఠతా వచ్చేసింది. గాజు చేతికి పట్టడం లేదని ఏడుస్తోంది. బిగుతైపోయిందట. "తింటన్నావు గదే, లావవ్వవా?" అన్నాను. ఈ సందట్లో దాని గాజు గోల ఎవరికి కావాలి?

సీతాలు

---

ఉక్కునగరం,
శుక్రవారం.

సీతాలూ,

పుట్టదు. రక్తంలో ఇనుము ఉన్నది నిజమే గాని అది మేకులో ఇనుములా ఉండదు, అయస్కాంతం దాన్ని పట్టించుకోదు. ఇన్నేళ్ళూ అంత పెద్ద అయస్కాంతం పక్కన పనిచేశాను, నా ఒంట్లోంచి ఒక్క చుక్క అటు జరగలేదు. అయస్కాంతం చాలా పక్షపాతి. ఇనుమంటే ప్రాణం. ఇత్తడి, రాగి, బంగారం దాని కంటికి ఆనవు.

నువ్వు ఏదో దాస్తున్నావు. చిన్నప్పుడు ఇంతే, జ్వరం వస్తే బడి మానిపిస్తారని దుప్పట్లో దూరి దాచేదానివి. తవిటమ్మని అడిగాను. చేపలు తూచడం ఆపి నాకు దణ్ణం పెట్టింది. నాకెందుకమ్మా దణ్ణం? పెదవులు చూసి మాట పోల్చుకునే అలవాటు నాకుంది కదా, "మీ ఇంట ఎలిసినాది" అన్నట్టుంది. ఎవరు వెలిశారు?

అత్త ముద్దు పెట్టుకుందని రాశావు. వాడు ఎలా ఉన్నాడో రాయలేదు. తిన్నగా రాయి.

మావయ్య

---

రేవుపాలెం,
మంగళవారం.

మావయ్యా,

సరే, రాస్తున్నాను.

పది రోజుల క్రితం వాడికి నీళ్ళు పోస్తున్నాను. మొలతాడు తాళంచెవి ఎప్పుడూ తొడ మీద వేలాడేది, ఆరోజు పొట్టకి అతుక్కుని ఉంది. తీసి పక్కకి పెట్టాను. వదలగానే మళ్ళీ పొట్ట మీదకి పాకింది. అత్తని పిలిచాను. పిలవకపోతే బాగుండేదేమో, కానీ ఆ క్షణంలో ఇంకెవరిని పిలవాలో తోచలేదు.

మోహన్ గాలాలు శుభ్రం చేస్తుంటే వాడు వెళ్ళి పక్కన నిలబడ్డాడు. దారానికి వేలాడుతున్న గాలం వాడి బొజ్జ వైపు వంగింది. గాలి లేదు మావయ్యా, ఆకు కదలడం లేదు. మోహన్ వాడిని బోటు మీదకి ఎత్తుకెళ్ళి దిక్సూచి పక్కన కూర్చోబెట్టాడు. ముల్లు ఉత్తర దిక్కు వదిలేసి నెమ్మదిగా తిరిగి వాడి వైపు ఆగింది. "సీతాలూ, ఏటిది? ముల్లు ఈడి కాసి తిరిగిపోతన్నాది" అని మోహన్ ఏడ్చేశాడు. తండ్రి పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి.

అత్త చెప్పింది, "అమ్మోరు ఇనుం అడుగుతన్నాది. ఆ రోజు పెద్దోడ్ని తీసికెల్లి, ఈడ్ని ఇచ్చినాది" అని. అంతే. పేటంతా వస్తోంది. కొత్త గాలాలు, లంగరు ముక్కలు, మేకులు తెచ్చి వాడి ముందు పెడుతున్నారు. పసుపు బట్ట కట్టి పీట మీద కూర్చోబెట్టారు. వాడి మొహం చూసి పక్కకి తప్పుకున్నవాళ్ళే ఇప్పుడు వాడి పాదాలు ముట్టుకుని బోటు ఎక్కుతున్నారు. నేను చాటుగా నిలబడి చూస్తూ ఉంటాను. నా కొడుకుకి వాళ్ళు దణ్ణం పెడుతుంటే కడుపు నిండిపోతుంది మావయ్యా. అబద్ధం ఎందుకు?

పక్కింటి దేవి పొద్దుట వచ్చిందంటే సాయంత్రం దాకా కదలదు. దాని కూతురు చిట్టికి రెండేళ్ళు దాటినా నడక రాలేదు, ఎవరూ ఎత్తుకోరు. "వదినా, నా గుంటని ఒకపాలి ముట్టుకోమను" అని బతిమాలుతుంది. సన్నీ చెయ్యి తీసి ఆ పిల్ల కాళ్ళ మీద నేనే పెడతాను. దేవి ఆ పిల్లని కాదు, సన్నీ పొట్టనే చూస్తూ ఉంటుంది.

వచ్చే ఆదివారం జాతర చేస్తారట. అప్పటిదాకా వాడు పీట దిగకూడదన్నారు. ఇంట్లో ఉండే నా చిన్న ఫోను కూడా మోగకూడదని అత్త తీసి దాచేసింది.

నీ సీతాలు

ఇది రాయకూడదనుకున్నాను. మూడు రోజులుగా వాడు ఏమీ తినడం లేదు. తాగిన నీళ్ళు కూడా పచ్చగా పసరులా కక్కేస్తున్నాడు. "అమ్మోరు ఉపాసం సేయిస్తన్నాది" అంటోంది అత్త. పొట్ట గట్టిగా ఉంది, ముట్టుకుంటే ఏడుస్తున్నాడు. నిన్నటి నుంచి ఏడవడం కూడా లేదు. నాకు భయంగా ఉంది.

---

ఉక్కునగరం,
మంగళవారం, నీ ఉత్తరం అందిన వెంటనే.

సీతాలూ,

ఈ కాగితం తెచ్చినవాడు వాసు, నాతో పనిచేస్తాడు. సన్నీని ఎత్తుకుని అతని బండి ఎక్కు. చదవడం బండి మీద కూర్చుని చదువు.

ధనశ్రీ గాజు బిగుతైందని రాశావు. దాని చెయ్యి లావవలేదమ్మా. గోలీలు తగ్గాయి.

అవి వాడి కడుపులో ఉన్నాయి. ఒకటే అయితే బయటికి పోయేది. ఇవి ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. పేగుకి ఇటొకటి, అటొకటి నిలబడి మధ్యలో పేగుని నొక్కేస్తాయి. వాడు ఉపవాసం ఉండడం లేదు, లోపల తెగిపోతున్నాడు.

అత్త గుమ్మానికి అడ్డం పడితే వాదించకు. ఇత్తడి గంట వాడి పొట్ట దగ్గర పెట్టు. నీ మంగళసూత్రం పెట్టు. కదలవు. ఇనప మేకు అడిగే అమ్మవారికి బంగారం అక్కర్లేదా అని అడుగు. దిక్సూచి ముల్లు వాడి పొట్ట దగ్గర ఒక మొన తిరిగితే, వాడిని వెనక్కి తిప్పి చూడు, రెండో మొన తిరగొచ్చు. అయస్కాంతానికి రెండు మొహాలుంటాయి.

వాళ్ళు నమ్మినా నమ్మకపోయినా నువ్వు ఆగకు. నేను వస్తే సగం పొద్దు వాళ్ళ మాటలు వినపడక అరుచుకోవడంతోనే పోతుంది. అందుకే తిన్నగా పెద్దాసుపత్రికి పోయి పిల్లల డాక్టర్ని పట్టుకుని కూర్చుంటాను. వాడికి దారిలో ఏమీ పట్టకు, నీళ్ళు కూడా.

వాడు మళ్ళీ పనికిరాని గుంటడైపోతాడని నీ భయం. నాకు తెలుసు. బతికుంటే చాలు, ఎక్కు.

మావయ్య

---

పెద్దాసుపత్రి, పిల్లల వార్డు,
సోమవారం.

మావయ్యా,

నువ్వు డ్యూటీకి వెళ్ళాక డాక్టరమ్మ వచ్చారు. గండం గడిచిందన్నారు. పొద్దున రెండు చెంచాల నీళ్ళు తాగాడు, నిలిచాయి. నీకు ఎదురుగా చెప్పాలంటే వార్డంతా వినేలా అరవాలి, అందుకే రాస్తున్నాను.

ఆరోజు వాసు అన్నయ్య కాగితం ఇచ్చినప్పుడు ఇల్లు నిండా జనం. ధనశ్రీ గాజు గురించి చదవగానే జనాన్ని తోసుకుని పీట దగ్గరికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ ఊరుకున్నది తెలీక కాదు మావయ్యా, తెలుసుకోవాలని లేక. నీ మొదటి ఉత్తరం నేనే చదివి వినిపించాను కదా.

అత్త గుమ్మంలో చేతులు చాపి నిలబడింది. "పీట దింపినావంటే బోట్లు మునిగిపోతాయి" అంది. గంట తెచ్చి పెట్టాను, కదల్లేదు. పుస్తెలు పెట్టాను, కదల్లేదు. మోహన్ బోటు నుంచి దిక్సూచి తెచ్చాడు. ముందు నుంచి పెడితే ఎర్రమొన వాడి వైపు వచ్చింది. నేను వాడిని తిప్పాను. ముల్లు వణుకుతూ సగం చుట్టు తిరిగి, రెండో మొన వాడి వైపు పెట్టింది. మోహన్ పసుపు బట్ట విప్పేసి వాడిని నా చేతిలో పెట్టి, "ఎల్లు. నాను ఎనకాల వత్తన్నాను" అన్నాడు. అత్త చేతులు అలాగే చాపి ఉన్నాయి. కింద నుంచి వంగి వచ్చేశాను.

డాక్టరమ్మ నాకు ఎక్స్‌రే ఫిల్ము చూపించారు. గోలీలు రెండు గొలుసులుగా ఉన్నాయి. వాడు ఒకసారి కొన్ని, ఇంకోసారి కొన్ని మింగాడట. రెండూ పేగు వేర్వేరు మడతల్లోకి వెళ్ళి, గోడలకి అటూ ఇటూ ఉండి ఒకదాన్నొకటి లాక్కున్నాయి. మధ్యలో చిల్లులు పడ్డాయి. "ఇంకో పూట ఆలస్యమైతే" అని ఆగారు. నేను పూర్తి చెయ్యమనలేదు.

మన పేట గుడిలో ఆదివారం వాడి కోసం డప్పులు మోగుతాయని సంబరపడ్డాను నేను. వాడేమో లోపల ఒక్కడే ఆ రెండు గొలుసుల మధ్యా ఉన్నాడు.

సీతాలు

---

ఉక్కునగరం,
మంగళవారం.

సీతాలూ,

వాడు నిన్న నా మీసం లాగాడు. నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఆపరేషన్‌లో తీసిన గోలీల సీసా నేనే తీసుకున్నాను కదా. మీ పేటవాళ్ళు ఇద్దరు ఆసుపత్రికి వచ్చి ఇమ్మన్నారు, గుడిలో పెట్టుకుంటారట. నాకు వినపడనట్టు నటించాను. చెవుడు వల్ల ఇన్నాళ్ళకి ఒక మేలు జరిగింది.

వాటిని మా కొలిమిలో ఎర్రబడేదాకా కాల్చాను. బాగా వేడెక్కితే లోపలి గుంపులు ఊగిపోయి ఎవరి దిక్కు వాళ్ళు చూస్తాయి, ఆ పట్టు పోతుంది. చల్లారాక మేకు దగ్గర పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. అయినా ఆ మేకు వంక చాలాసేపు చూస్తూ కూర్చున్నాను, కదులుతుందేమోనని. ధనశ్రీ దగ్గర మిగిలిన గాజు కూడా వాసుకి ఇచ్చి పంపు. దాన్ని తిట్టకు, దాని ప్రశ్న మంచిదే.

ఇంటికి వెళ్ళాక పేటవాళ్ళు ఎలా ఉన్నారో రాయి. ఈసారి ఏదీ దాచకు.

మావయ్య

---

రేవుపాలెం,
శుక్రవారం.

మావయ్యా,

ఏదీ దాచడం లేదు. ఈ ఉత్తరం అందగానే రా.

ఆసుపత్రిలో ఇంకో వారం ఉంచి పంపారు, మేము ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. గుమ్మం ముందు పోసిన గాలాలూ మేకులూ ఎవరివి వాళ్ళు ఏరుకుపోయారు. అత్త మళ్ళీ పొద్దున్నే మొహం తిప్పుకుంటోంది. "లోపలున్న అమ్మోర్ని కోసి పారీసినారు" అని వీధిలో చెబుతోంది. నాకు అనుకున్నంత బాధ లేదు. మోహన్ ఈరోజు బోటు ఎక్కేముందు వాడిని నిద్ర లేపి, మొహం చూసి మరీ వెళ్ళాడు.

నన్ను వణికిస్తున్నది దేవి.

ఇవాళ మధ్యాహ్నం చిట్టిని చంకనేసుకుని వచ్చింది. సన్నీ కోసం రెండు బత్తాయిలు తెచ్చింది. మంచం పక్కన కూర్చుని వాడి పొట్టనే చూస్తోంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "వదినా, పొట్టలో ఎన్నుంటే ముల్లు తిరుగుతాది?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సన్నీ చొక్కా పైకెత్తి కుట్లు చూపించాను. పై నుంచి కింద దాకా చూపించాను. "ఇదే, అమ్మోరు ఇక్కడే ఉన్నాది. సరిగ్గా సూడు" అన్నాను.

చూసింది. వేలు పెట్టి కుట్ల పొడవునా మెల్లిగా రాసింది కూడా. ఏడుస్తుందనుకున్నాను. తలెత్తి నన్ను చూసి, చాలా మామూలుగా, "మానిపోతాయి గదా వదినా?" అంది.

అప్పుడు చూశాను, దాని ఎడమ చెయ్యి మూసి ఉంది. వచ్చినప్పటి నుంచి తెరవలేదు. పట్టుకుని వేళ్ళు విప్పాను. కొత్త గోలీలు. పొద్దున్నే వన్ టౌన్ వెళ్ళి బొమ్మల కొట్లో కొనుక్కొచ్చిందట. అరచేతి చెమటకి తడిసి మెరుస్తున్నాయి. "నాలుగు రోజులే గదా వదినా. నాలుగు రోజులు నా గుంటని అందరూ ఎత్తుకుంటే సాలు. తరవాత నువ్వెల్లిన ఆసుపత్రికే నానూ తీసికెల్తాను" అంది.

దాన్ని కొట్టాలనిపించింది. కొట్టలేకపోయాను మావయ్యా. ఆ పీట చాటున నిలబడి మురిసిపోయింది నేనే కదా.

గోలీలు లాక్కున్నాను. అప్పటికే కొన్ని మింగించేసిందేమోనని చిట్టి నోరు తెరిపించి చూశాను. ఏమీ ఇవ్వలేదని ఒట్టు పెడుతోంది, నాకు నమ్మకం లేదు. పిల్లని దాని చంకలోంచి తీసేసుకున్నాను. ఇప్పుడు నా ఒళ్ళోనే ఉంది, ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చేత్తో రాస్తున్నాను. ఆ పిల్ల నా మెడ పట్టుకుని వదలడం లేదు. ఎత్తుకున్నవాళ్ళని ఎలా వదిలెయ్యాలో దానికి తెలీదేమో.

నువ్వు వచ్చేటప్పుడు నడక రాని పిల్లల్ని చూసే డాక్టరు ఎక్కడుంటారో కనుక్కుని రా. ముందు పొట్ట ఫిల్ము, తర్వాత కాళ్ళు. నేనూ వస్తాను.

దేవి గుమ్మంలో కూర్చుని ఉంది. "నా గుంటని నాకిచ్చీ వదినా" అని అడుగుతోంది. నువ్వు వచ్చేదాకా ఇవ్వను.

సీతాలు